మైకులో ప్రార్థన

జీతాలు ఇచ్చే గుమాస్తాకి తప్ప ఆ బస్సు డిపోలో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరూ బ్రేకన్న అనేవాళ్ళు. కొండ ఎక్కుతున్న బస్సుకి కూడా బ్రేకు వెయ్యగలిగిన డ్రైవరు లోకంలో అతనొక్కడేనని తోటి డ్రైవర్ల అభిప్రాయం. అతను దాన్ని ఎప్పుడూ ఖండించలేదు. ఖండిస్తే గొడవవుతుందని భయం.

బ్రేకన్నకి అన్నీ భయాలే. కుక్కంటే భయం. లిఫ్టంటే భయం. పై అధికారి దగ్గినా భయమే. ఇంట్లో బల్బు మార్చాల్సి వస్తే భార్య స్టూలెక్కుతుంది, అతను స్టూలు పట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. ఇన్ని భయాలున్న మనిషి, ఒక పక్క బండ, ఇంకో పక్క లోయ ఉన్న ఆ మలుపుల్లో నిండు బస్సు ఎలా నడుపుతున్నాడని కొత్తగా చేరినవాళ్ళు అడిగేవాళ్ళు. భయపడుతూ నడిపేవాడు. ఇంకో రకంగా నడపడం అతనికి చేతకాదు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ అతని బస్సు దేనికీ గీసుకోలేదు. ఆలస్యంగా మాత్రం చేరేది.

బయల్దేరే ముందు అతనికి ఒక అలవాటుంది. రెండు చేతులూ స్టీరింగు మీద ఆనించి, కళ్ళు మూసుకుని, "ప్రభువా, నాకు భయంగా ఉంది. నాతో రా" అనేవాడు. తర్వాత కళ్ళు తెరిచి, అద్దాలు చూసుకుని, హారన్ కొట్టి కదిలేవాడు. అతనికి పొడుగాటి ప్రార్థనలు రావు. చర్చి సంఘంలో పెద్దలు ప్రార్థన మొదలుపెడితే వినేవాళ్ళ మోకాళ్ళు తిమ్మిరెక్కి, ఆ తిమ్మిరి కూడా వదిలిపోయేది. అతను మాత్రం చెప్పాల్సింది ఏదో అది చెప్పి లేచేవాడు.

ఇంట్లో ముగ్గురు. బ్రేకన్న, అతని భార్య, భార్య తల్లి. పిల్లలు లేరు. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందన్న బెంగ మాత్రం అత్తగారి పుణ్యమా అని ఎప్పుడూ కలగలేదు. భార్య బడి యూనిఫారాలు కుట్టే దుకాణంలో దర్జీ. ఆ ఇంటికి రావలసిన ధైర్యమంతా ఆమె వాటాకే వచ్చింది. వాళ్ళ సంఘం టైర్ల కొట్టు మీది గదిలో కూడుతుంది. ఆదివారం ఆమె పాట ఎత్తుకుంటే కింద టైర్ల కొట్టు యజమాని, అతనికి ఏ మతమూ లేకపోయినా, సుత్తి పక్కన పెట్టేవాడు. సుత్తి కొట్టినా ఎలాగూ వినిపించదు. "ఇది దేవుడికి మొరపెట్టుకున్నట్టుండదు, ఆయనకి పనులు పురమాయించినట్టుంటుంది" అనేది అత్తగారు.

అత్తగారు అల్లుడితో ముఖాముఖి మాట్లాడదు. పెళ్ళయిన నాటినుంచీ అది ఆవిడ పాటించే మర్యాద. అల్లుడికి చెప్పాల్సినవన్నీ కూతురికి చెప్పేది. అల్లుడు పక్కనే ఉన్నప్పుడు, కాస్త గట్టిగా.

ఇలా ఉండగా డిపోకి కొత్త బస్సులు వచ్చాయి. వాటిలో డ్రైవరు ముందు ఒక మైకు ఉంది. రాబోయే స్టాపు పేరు డ్రైవరు అందులో చెప్పాలి. బస్సు పొడుగునా పైన స్పీకర్లు. మీట నొక్కితే మైకు పనిచేస్తుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. బ్రేకన్నకి మైకన్నా భయమే. నొక్కానో లేదోనని రెండుసార్లు నొక్కేవాడు. రెండోసారి నొక్కితే ఏమవుతుందో మీట పెట్టినవాళ్ళకి తెలుసు.

ఒక శనివారం ఉదయం బస్సు నిండింది. సెలవుకి కొండ మీదికి వెళ్ళేవాళ్ళు, సరుకులు మోసుకెళ్ళేవాళ్ళు, ముందు సీట్లలో ఒక పళ్ళ డాక్టరు, ఆయన కుటుంబం. కండక్టరమ్మ విజిలు వేసింది. బ్రేకన్న మైకు ఆపుదామని మీట నొక్కాడు, మళ్ళీ నొక్కాడు, చేతులు స్టీరింగు మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"ప్రభువా," అన్నాయి బస్సులోని స్పీకర్లన్నీ. "నాకు భయంగా ఉంది. నాతో రా."

బస్సులో చీమ చిటుక్కుమంటే వినిపించేది. చీమ కూడా చిటుక్కుమనలేదు.

"అన్నా, మైకు!" అంది కండక్టరమ్మ.

ఆ మాట కూడా మైకులో వినిపించింది.

ముందుగా లేచింది పళ్ళ డాక్టరు. "డ్రైవరుకే భయమైతే మా సంగతేంటి?" అని అడిగాడు. డాక్టరు కుటుంబం దిగింది. వాళ్ళని చూసి వెనక సీట్లవాళ్ళు దిగారు. వాళ్ళని చూసి, ఎందుకో తెలియకుండానే ఇంకా కొంతమంది దిగారు. నిద్రపోతున్నవాళ్ళూ, చెవులు వినిపించని ఒక పెద్దాయనా మిగిలారు. వాళ్ళని తీసుకుని బ్రేకన్న కొండ ఎక్కాడు, దిగాడు. వాళ్ళకి ఏమీ కాలేదు. ఆ సంగతి గురించి ఎవరూ ఎక్కడా ఫిర్యాదు చెయ్యలేదు.

మొదటి సంగతి మాత్రం సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. బస్టాండులో కుర్రాళ్ళు సోడా సీసా నోటి దగ్గర పెట్టుకుని, "ప్రభువా, నాకు భయంగా ఉంది" అని అరిచి పగలబడి నవ్వారు.

సోమవారం డిపో మేనేజరు పిలిచాడు. మేనేజరు చెడ్డవాడు కాదు. కుర్చీలో కుదురుగా కూర్చుని రిటైరవ్వాలన్నది ఒక్కటే అతని ఆశయం. ఎదురుగా పళ్ళ డాక్టరు కూర్చుని ఉన్నాడు. బ్రేకన్న గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కాళ్ళు వణకడం ఇద్దరికీ కనిపించింది.

"నా సంగతే తీసుకోండి," అన్నాడు డాక్టరు మేనేజరుతో. "కుర్చీలో పేషంటుని పడుకోబెట్టి, చేతిలో పటకారు పట్టుకుని, 'నాకు భయంగా ఉంది' అంటే పేషంటు ఉంటాడా?"

"ఉండడు," అన్నాడు మేనేజరు.

"నేనైతే ఉంటాను సార్," అన్నాడు బ్రేకన్న. ఎదురు చెప్పాలని అనలేదు. నిజంగా ఆలోచించి అన్నాడు. "భయం ఉన్న డాక్టరైతే చూసుకుని పీకుతారు."

డాక్టరు మేనేజరు వైపు తిరిగి, ఇతన్ని మళ్ళీ కొండ దారిలో చూస్తే పై ఆఫీసుకి వెళ్తానని చెప్పి లేచిపోయాడు. అప్పటికే పై ఆఫీసుకి వెళ్ళి వచ్చాడన్నది తర్వాత తెలిసింది.

తలుపు మూసుకున్నాక మేనేజరు గొంతు తగ్గించాడు. "చూడు, దీన్ని చిటికెలో తేల్చేద్దాం. మైకు టెస్ట్ చేశానని చెప్పు."

"ఏంటి సార్?"

"మైకు టెస్టింగ్. అందరూ హలో హలో అంటారు కదా. నువ్వు ఇలా అన్నావు. ప్రార్థనా లేదు, గీర్థనా లేదు. పై ఆఫీసువాళ్ళకి నేను చెప్పుకుంటాను. రేపట్నుంచి మామూలుగా డ్యూటీ."

"నేను ప్రార్థన చేశాను సార్," అన్నాడు బ్రేకన్న.

"చేశావయ్యా, కాదనలేదు. చెయ్యలేదని చెప్పమంటున్నాను. రెండిటికీ తేడా లేదూ?"

"ఉంది సార్. అందుకే."

"పోనీ, ఇకనుంచి ఆ భయం అన్న మాట తీసేసి చేసుకో. 'ప్రభువా, నాతో రా.' బాగానే ఉంది కదా, గౌరవంగా?"

"ఆ మాట తీసేస్తే ఎందుకు రమ్మంటున్నానో ఆయనకి చెప్పినట్టుండదు సార్."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనుషుల్ని మేనేజరు చాలామందిని చూశాడు. వాళ్ళు బల్ల గుద్ది మాట్లాడతారు. ఇలా గడగడా వణుకుతూ మూడే కాళ్ళనేవాణ్ణి చూడటం ఇదే మొదలు. అతన్ని బస్సులు కడిగే షెడ్డుకి వేశాడు. పై ఆఫీసు నుంచి ఏదో ఒకటి తేలేదాకా అక్కడే, జీతం కూడా ఆ పనికి తగినంతే.

ఇంటికెళ్ళి చెబితే భార్య కుట్టుమిషను ఆపకుండానే, "మంచి పని చేశారు," అంది. "మనుషుల ముందు ప్రభువుని ఎరగనంటే ఎట్లా? షెడ్డయితే ఏం, బస్సులు కడగడం తప్పు పనా?"

అత్తగారు కూతురి వైపు తిరిగింది. "గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాడని చెప్పు మీ ఆయనతో. భయమేస్తే కడుపులో పెట్టుకోవాలి గానీ స్పీకర్లో చెప్తారా ఎవరైనా?"

"స్పీకరు సంగతి ఆయనకి తెలీదమ్మా."

"దేవుడికి చెవుడు లేదని కూడా చెప్పు."

బ్రేకన్న పక్కనే కూర్చుని చెప్పులు తుడుచుకుంటున్నాడు. అన్నీ వినిపించాయి.

షెడ్డులో పని తేలిక కాదు. గొట్టంతో నీళ్ళు కొట్టాలి, చక్రాల బురద చీపురుతో గీకాలి, సీట్ల కింద ప్రయాణికులు వదిలివెళ్ళినవాటిని ఏరాలి. సాయంత్రానికి చేతి వేళ్ళు నానిపోయి ముడతలు పడేవి. పక్కనుంచి వెళ్ళే డ్రైవర్లు కిటికీలోంచి తల బయటికి పెట్టి, "బ్రేకన్నా, బకెట్టన్నా భయమేనా?" అని అడిగేవాళ్ళు.

"బకెట్టంటే లేదు. తడి నేలంటే ఉంది," అని చెప్పేవాడు. జారిపడి నడుం విరిగినవాళ్ళ సంగతి అతనికి తెలుసు. నవ్వించాలనుకునేవాళ్ళకి అతనితో పెద్ద చిక్కు. అడిగినదానికి జవాబు చెప్తాడు. కొన్నాళ్ళకి అడగడం మానేశారు.

పొద్దున్నే గొట్టం చేతిలోకి తీసుకునే ముందు అతను షెడ్డు మూల నిలబడి అదే ప్రార్థన చేసేవాడు. నీళ్ళగొట్టంతో ఎక్కడికీ వెళ్ళేది లేదు కాబట్టి "నాతో రా" బదులు "నాతో ఉండు" అనేవాడు. అంతకుమించి మార్పు లేదు.

సంఘంలో ఈ సంగతి తెలిసింది. పాస్టరుగారికి చాలా సంతోషమైంది. చాలాకాలంగా ఆ సంఘంలో విశ్వాసం కోసం కష్టపడినవాళ్ళెవరూ లేరు. ఒక ఆదివారం ఆరాధనలో, "మన సహోదరుడు అధికారుల ముందు సింహంలా నిలబడ్డాడు. ఆ సాక్ష్యం ఇప్పుడు మనకి చెప్తాడు" అని ప్రకటించి పక్కకి జరిగారు.

బ్రేకన్న లేచి ముందున్న కుర్చీ వీపు పట్టుకున్నాడు. గదిలో మైకు ఉంది. దాని వైపు చూసి, దగ్గరికి వెళ్ళకుండానే మొదలుపెట్టాడు.

"సింహంలా ఏమీ నిలబడలేదండీ. కాళ్ళు వణికాయి. మేనేజరుగారు చూశారు కూడా." ఆగాడు. అందరూ ఎదురుచూస్తున్నారు. "ఉద్యోగం తిరిగి రాలేదు. భయం పోలేదు. ప్రభువు కూడా పోలేదు. అంతేనండీ."

కూర్చున్నాడు. మిగతాది ఎప్పుడు చెప్తాడా అని జనం కాసేపు చూశారు. మిగతాది లేదని అర్థమయ్యాక పాస్టరుగారు, మెట్టు ఉందనుకుని కాలు వేసినవాడిలా, "ఆమెన్" అన్నారు. మెట్లు దిగుతున్నప్పుడు ఒక పెద్దాయన ఇంకో పెద్దాయనతో, "సాక్ష్యానికి చివర్లో ఒక విజయం ఉండాలి. లేకపోతే వినేవాళ్ళకి బలం రాదు" అన్నాడు. రెండో పెద్దాయనకి భార్య పోయి ఏడాది కాలేదు. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మరుసటి ఆదివారం నుంచి ఆయన బ్రేకన్న పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు.

వానాకాలం మొదలయ్యే వేళకి భార్యకి రొమ్ములో గడ్డ తగిలింది. ఆ సంగతి ఆమె భర్తకి, చొక్కా కుట్టు వదిలిందని చెప్పినట్టే చెప్పింది. ఆస్పత్రిలో పరీక్షలు చేశారు. చెయ్యగానే ఏమీ చెప్పలేదు, మళ్ళీ రమ్మన్నారు. మళ్ళీ వెళ్తే కూర్చోమన్నారు. డాక్టరు ముందు కూర్చోమన్నాడంటేనే సగం సంగతి తెలిసిపోయిందని అత్తగారు తర్వాత అంది. ఆపరేషను చెయ్యాలి, ఆ తర్వాత చాలాకాలం మందులు ఎక్కించాలి.

ఆమె దుకాణానికి వెళ్తూనే ఉంది. కుడుతూనే ఉంది. కానీ ఆదివారం పాట ఎత్తుకోలేదు. కింద టైర్ల కొట్టు యజమాని సుత్తి పట్టుకుని, ఎప్పుడు ఆపాలో తెలియక, కొడుతూనే ఉన్నాడు. సాయంత్రాలు ఇంట్లో ముగ్గురూ మోకరించినప్పుడు ఆమె, "దేవా..." అని మొదలుపెట్టి ఆగిపోయేది. కాసేపు చూసి అత్తగారు అందుకుని పూర్తి చేసేది.

ఒకరోజు భోజనాల దగ్గర ఆమె భర్తతో, "ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి," అంది. "ఆ మేనేజరుగారు అడిగిన ముక్క చెప్పెయ్యండి."

"ఏ ముక్క?"

"మైకు టెస్టింగని. డ్రైవరు జీతం వస్తే ఆస్పత్రికి ఆసరాగా ఉంటుంది. మన మనసేంటో దేవుడికి తెలీదా? ఆయనేం అనుకోడు."

బ్రేకన్న ఆమె మొహం చూశాడు. మనుషుల ముందు ఎరగనంటే ఎట్లా అన్నది ఈవిడే. అది గుర్తుచెయ్యలేదు. ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. ఆ చెయ్యి వణుకుతోంది. వణుకు అతనికి బాగా తెలిసిన విషయం.

"అలాగే," అన్నాడు.

మర్నాడు షెడ్డులో చేతులు కడుక్కుని మేనేజరు గదికి వెళ్ళాడు. దారి పొడుగునా 'మైకు టెస్ట్ చేశాను సార్' అని అనుకుంటూ వెళ్ళాడు. చిన్న మాటే. తలుపు తట్టే ముందు, అలవాటు కొద్దీ, కళ్ళు మూసుకున్నాడు. 'ప్రభువా, నాకు భయంగా ఉంది' అన్నాక, దేనికి తోడు రమ్మంటున్నాడో గుర్తొచ్చి ఆగిపోయాడు. ఈ పనికి ఆయన్ని రమ్మనడం ఎలాగో అతనికి తెలియలేదు. అయినా తలుపు తోశాడు.

మేనేజరు సంగతంతా విన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. "అయ్యో, ముందే రావాల్సింది. ఇప్పుడే పై ఆఫీసుకి ఫోను చేస్తాను. ఒక్కసారి నీ నోటితో అను, చాలు. ఆరోజు నువ్వు చేసింది ఏంటి?"

బ్రేకన్న నోరు తెరిచాడు.

"ప్రార్థనే సార్," అన్నాడు.

ఆ మాట విని మేనేజరు కంటే బ్రేకన్నే ఎక్కువ నిరాశపడ్డాడు.

"ఏమయ్యా! ఇంతసేపు చెప్పి..."

"చెప్దామనే వచ్చాను సార్. రాలేదు." కళ్ళు తుడుచుకున్నాడు. "ఇన్నేళ్ళూ ఆ కొండ మీద ప్రతి మలుపులోనూ నాతో వచ్చినాయన్ని మైకు టెస్టింగంటే ఎట్లా సార్?"

మేనేజరు ఫోను కింద పెట్టేశాడు. కిటికీలోంచి కొండ వైపు చూశాడు. వాన పడుతోంది. "వెళ్ళు," అన్నాడు చివరికి. "ఆపరేషను రోజుకి సెలవు తీసుకో. హాజరు పట్టీలో నేనేం రాయను."

బ్రేకన్నకి ఇంటికి వెళ్ళాలంటే ఎప్పటికంటే ఎక్కువ భయమేసింది. గుమ్మంలోనే చెప్పేశాడు. "చెప్పలేకపోయాను. నోరు తిరగలేదు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అత్తగారు అక్కణ్ణుంచే వింటోంది.

"నాకు కోపం రావాలి," అంది భార్య. "ఎందుకో రావట్లేదు. మీరు చెప్పేసి వచ్చుంటే రేపు ఆస్పత్రిలో నా మంచం పక్కన ఇంకెవరో నిలబడ్డట్టుండేది." మళ్ళీ అంది, "ఏమండీ, భయంగా ఉన్నప్పుడు ప్రార్థన ఎట్లా చేస్తారు?"

"అదేంటి?"

"నాకు ఎప్పుడూ భయం వెయ్యలేదు. ఇప్పుడేస్తోంది. నాకొచ్చిన ప్రార్థనలన్నీ ధైర్యంగా ఉన్నవాళ్ళవే. నోట్లోకి రావట్లేదు."

బ్రేకన్న ఇబ్బందిపడ్డాడు. ఒకరికి ఏదైనా నేర్పాల్సి రావడం అతనికి అదే మొదలు. "ఏముంది," అన్నాడు, "భయంగా ఉందని చెప్పడమే. రమ్మనడమే. ధైర్యం వచ్చాక పిలుద్దామని ఆగితే, నేను ఈపాటికి ఒక్కసారి కూడా పిలిచుండేవాణ్ణి కాదు."

ఆపరేషను ఉదయం. ఆస్పత్రిలో ఆమెకి ఆకుపచ్చ గౌను వేసి, చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. థియేటరు పై అంతస్తులో ఉంది. మంచాన్ని లిఫ్టు దగ్గరికి తోసుకెళ్ళిన ఆయా, "ఒక్కరు రావచ్చు," అంది. లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి.

బ్రేకన్న మెట్ల వైపు చూశాడు. అత్తగారు అప్పటికే మెట్ల వైపు నడిచింది. అతను లిఫ్టులోకి ఎక్కాడు. తలుపులు మూసుకోగానే మంచం కమ్మీని రెండు చేతులతో పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది.

ఆయా అతన్నీ, మంచం మీదున్నామెనీ మార్చి మార్చి చూసింది. "అమ్మా, ఆపరేషను మీకా, సారుకా?"

భార్యకి నవ్వొచ్చింది. పొట్ట కదిలేంత నవ్వు. నవ్వుతూనే చెయ్యి చాపి అతని వేళ్ళు పట్టుకుంది. ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి, షెడ్డు నీళ్ళకి గరుకెక్కి ఉన్నాయి. ఆమె నవ్వు ఆగింది.

"ప్రభువా," అంది, మూడు వీధులకి వినిపించే గొంతుతో కాకుండా, పక్కనున్నవాళ్ళకి మాత్రమే వినిపించేటట్టు. "నాకు భయంగా ఉంది. ఈయనకి ఇంకా ఎక్కువ భయంగా ఉంది. మాతో రా."

"ఆమెన్," అంది ఆయా. ఎందుకందో తనకే తెలియదు. లిఫ్టు ఆగింది.

ఆమెని లోపలికి తీసుకెళ్ళాక బ్రేకన్న బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చిన అత్తగారు బెంచీ అవతలి చివర కూర్చుంది. చాలాసేపు ఇద్దరూ ఎదుటి గోడ చూశారు. ఆవిడకి చెప్పాల్సింది ఉంది. చెప్పడానికి మధ్యలో కూతురు లేదు.

"బాబూ," అంది చివరికి. "పొద్దున్నుంచీ మీరేం తినలేదు."

బ్రేకన్న ఉలిక్కిపడ్డాడు. ఎవరితో అందోనని అటూ ఇటూ చూశాడు. అక్కడ ఇంకెవరూ లేరు. "ఆకలి లేదని చెప్పండి," అన్నాడు అలవాటు చొప్పున గోడతో.

"గోడకి చెప్పనా?" అంది అత్తగారు. సంచీలోంచి అరటిపండు తీసి వలిచి అతని చేతిలో పెట్టింది. అతను తిన్నాడు. "మీరు చేసింది నాకు ఇప్పటికీ నచ్చలేదు," అంది ఆవిడ. "కానీ నాకు నచ్చకపోవడం వల్ల అది తప్పయిపోదు. అది చెప్దామని."

గడ్డ ముందు చెప్పినట్టే చెడ్డదే. అయితే పాకలేదు, పూర్తిగా తీసేశామన్నారు. తర్వాత మందులు ఎక్కించారు. ఆమె జుట్టు రాలిపోయింది, తిన్నది ఇమడని రోజులు గడిచాయి. కొన్ని సాయంత్రాలు ఆమెకి విశ్వాసం ఉందో లేదో ఆమెకే తెలిసేది కాదు. అలాంటి రోజుల్లో అత్తగారు పొడుగ్గానూ, అల్లుడు పొట్టిగానూ ఆమె వంతు ప్రార్థన కూడా చేసేవాళ్ళు. దుకాణంవాళ్ళు ఆమె మిషను ఎవరికీ ఇవ్వకుండా గుడ్డ కప్పి ఉంచారు. సంఘంలో చెయ్యగలిగినవాళ్ళు చేశారు. చెయ్యలేనివాళ్ళు సలహాలిచ్చారు.

పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చేసరికి వానలు వెళ్ళిపోయి ఎండలు ముదిరాయి. మేనేజరు దాన్ని రెండుసార్లు చదివి, బ్రేకన్నని పిలిపించి, తన నోటితో చెప్పాడు.

"డ్రైవరు బయల్దేరే ముందు ప్రార్థన చెయ్యకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదట. వెతికారట. ఇన్నాళ్ళూ అదే వెతుకుతున్నారేమో. భయపడకూడదని కూడా లేదట. స్టాపు పేరు చెప్పని సమయంలో మైకు ఆపకపోవడం మాత్రం నిర్లక్ష్యమట. దానికి నిన్ను మందలించమన్నారు." కళ్ళజోడు సర్దుకున్నాడు. "మందలిస్తున్నాను. రేపు పొద్దున కొండ బస్సు నీదే."

"అలాగే సార్," అన్నాడు బ్రేకన్న. సంతోషించాలని గుర్తొచ్చే లోపల భయం వచ్చేసింది. ఇన్ని నెలలు స్టీరింగు పట్టలేదు.

మర్నాడు కండక్టరమ్మ తానే ముందుకొచ్చి మీట నొక్కి, మైకు ఆగిందో లేదో ఊది చూసింది. బ్రేకన్న చేతులు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. స్పీకర్లు ఊరుకున్నాయి. ముందు సీట్లలో కూర్చున్నవాళ్ళకి మాత్రం వినిపించింది. వాళ్ళలో ఒకతను, "ఓ, మీరేనా!" అని లేచి, సంచీ తీసుకుని దిగిపోయాడు. బ్రేకన్న అతను దిగేదాకా ఆగి తలుపు మూశాడు. మిగతావాళ్ళు కూర్చున్నారు. ధైర్యం వల్లో, తర్వాతి బస్సు మధ్యాహ్నం గానీ లేకపోవడం వల్లో చెప్పలేం.

ఆ నెలాఖరుకి బ్రేకన్న భార్యని పరీక్షకి రమ్మన్నారు. ఆ పరీక్ష చేసే పెద్ద ఆస్పత్రి కొండకి అవతలి ఊళ్ళో ఉంది. ఆమె భర్త బస్సులోనే బయల్దేరింది. తలకి రుమాలు కట్టుకుని, 'డ్రైవరుతో మాట్లాడరాదు' అన్న బోర్డు కింద సీట్లో కూర్చుంది. అత్తగారు కిటికీ పక్కన కూర్చుని కళ్ళు లోయ వైపు పోకుండా చేతి సంచీ వంక చూస్తోంది.

మొదటి మలుపు దాటాక భార్య సన్నగా పాట ఎత్తుకుంది. రెండో మలుపుకి అది అంత సన్నగా లేదు. కొండ మధ్యకి వచ్చేసరికి వెనక సీట్లలో నిద్రపోతున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. మైకు అవసరం పడలేదు.

పాట అయ్యాక ఆమె ముందుకి వంగింది. "ఏమండీ, వెనక లారీవాడు హారన్ కొట్టి చస్తున్నాడు. ఎద్దుబండి కూడా మనల్ని దాటిపోతుంది. కాస్త తొక్కకూడదూ?"

బ్రేకన్న బోర్డు వైపు చూసి జవాబు చెప్పలేదు. ముందు పెద్ద మలుపు ఉంది. బ్రేకు వేశాడు.